మదనపల్లెకు అలల ముప్పు లేదు

సముద్రాన్ని అదుపులో పెట్టాలంటే దానికి వీలైనంత దూరంగా కూర్చోవాలని మానవజాతి ఎట్టకేలకు గ్రహించింది. అందుకే నడిసముద్రంలో చమురు తోడే ఉక్కు కట్టడాలు తుఫానుకు నిలుస్తాయో కూలుతాయో తేల్చే పని మదనపల్లెలో, టమాటా మార్కెట్టుకు పోయే దారిలో, బైరప్ప మేడ మీద అద్దెకు తీసుకున్న ఒక ఆఫీసులో జరుగుతోంది. కట్టడాన్ని కంప్యూటర్లో గీసి, దాని మీదికి అలల్నీ గాలినీ వదిలితే, తట్టుకునే చోట సాఫ్ట్‌వేర్ పచ్చరంగు చూపిస్తుంది, తట్టుకోలేని చోట ఎరుపు. (ఆ ఆఫీసులో నిజమైన అలను చూసినవాడు మేనేజరు ఉమాపతి ఒక్కడే. అదీ చెన్నైలో పెళ్లికి పోయినప్పుడు, బస్సు కిటికీలోంచి.)

అక్కడ పనిచేసే తేజస్వినికి మాత్రం కష్టం సముద్రం నుంచి రాలేదు. ఈ వేసవిలో బైరప్ప మిద్దె మీద కొత్త నీళ్ల ట్యాంకు పెట్టించాడు. దాని కింద, సరిగ్గా ఆమె కుర్చీకి పైన, స్లాబు బీటలు వారింది. కీబోర్డు మీద రోజూ సున్నం రాలుతోంది. ఆ పిల్లకు నిజంగానే భయం పట్టుకుంది.

"సార్, నా సీటు మార్చండి. పైన ఎట్ల పగిలిపోయుండాదో సూడండి," అంది ఉమాపతితో.

ఉమాపతి పైకి చూడలేదు. (ఈ వృత్తిలో కంటితో చూడటం అశాస్త్రీయం.) "రిపోర్టు యాడుండాదమ్మా? రన్ చేయకుండానే పగిలిందంటే ఎట్ల? మన సాఫ్ట్‌వేర్లో పెట్టి సూడు. ఎరుపొస్తే ఈపొద్దే మారుస్తా."

న్యాయమే. ఆమె మేడనంతా గీసింది. అల ఎత్తెంత అని సాఫ్ట్‌వేర్ అడిగింది. సున్నా అంటే ఒప్పుకోలేదు. చేసేదిలేక పాత ప్రాజెక్టులోని తుఫానును తెచ్చి మదనపల్లె మీదికి వదిలింది. తర్వాత బరువుల సంగతి. సాఫ్ట్‌వేర్ జాబితాలో క్రేనుంది, హెలికాప్టరుంది, నీళ్ల ట్యాంకు లేదు.

"హెలికాప్టరని పెట్టమ్మా. రెండూ మిద్దె మీద ఉండేటివే కదా," అన్నాడు ఉమాపతి.

హెలికాప్టరు బరువు తాత్కాలికం, ట్యాంకు శాశ్వతం అని ఆమె అభ్యంతరం చెప్పింది. దానిపై సాక్షిగా బైరప్పను పిలిపించారు.

"పొద్దున నింపుతామప్పా, సాయంత్రానికి ఖాళీ అయిపోతాది," అన్నాడాయన.

ల్యాండింగు ఉదయం, టేకాఫ్ సాయంత్రం అని నమోదైంది.

ఫలితం వచ్చింది. మేడంతా పచ్చపచ్చగా ఉంది. మదనపల్లె సముద్ర మట్టానికి వందల మీటర్ల ఎత్తున ఉంది గనక ఆ మహా తుఫాను బైరప్ప మేడ మొదటి మెట్టును కూడా తడపలేకపోయింది. (హార్స్లీ హిల్స్ మీది గెస్ట్‌హౌసులు ఇంకా ఎత్తున ఉన్నాయి గనక మరింత భద్రమని రిపోర్టు చివర ఒక గమనిక.) బైరప్ప దాన్ని ఫ్రేము కట్టించి మెట్ల దగ్గర తగిలించాడు.

ఆ వారమే, తేజస్విని టీకి కిందికి దిగినప్పుడు, స్లాబు పెచ్చు ఊడి ఆమె కుర్చీ మీద పడింది. కుర్చీ రెండు ముక్కలైంది.

"నేనాడ కూర్చోనుంటే ఈ పొద్దు సచ్చిపోయుంటా సార్!" అని ఆమె ఏడ్చేసింది.

ఉమాపతి మొదటిసారి తలెత్తి చూశాడు. తుప్పు పట్టిన కమ్మీలు కనిపించాయి. పాపం, ఆయన మనసు చివుక్కుమంది. వెంటనే విచారణ సంఘం వేసి తానే అధ్యక్షుడయ్యాడు. ఆ సమయంలో అల రాలేదు, హెలికాప్టరూ దిగలేదు గనక స్లాబు విఫలమైనట్టు ఆధారం లేదని, లోపం కుర్చీదేనని సంఘం తేల్చింది. అయినా ఉద్యోగి ప్రాణం ముఖ్యం కాబట్టి ఆమెకు లైఫ్ జాకెట్ మంజూరు చేసింది.

ఇప్పుడు తేజస్విని అదే చోట, కొత్త కుర్చీలో, లైఫ్ జాకెట్ తొడుక్కుని పనిచేస్తోంది. హెల్మెట్ కూడా ఇప్పించమని అడిగింది. పైనుంచి ఏదైనా పడుతుందని రిపోర్టు తెమ్మన్నారు.