గోడకు బిగించిన తలుపు

ఆ రోజు పొద్దున తలుపుల కార్ఖానా యజమాని వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తీరిగ్గా గడ్డం గీసుకోవాలి, కాఫీ తాగాలి, డాక్టరుగారి కొత్త ఇంటికి చేసిన టేకు తలుపును బండెక్కించి పంపాలి, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఎవరిమీదా కేకలు వేయకూడదు. కేకలు వద్దని చెప్పింది కూడా ఆ డాక్టరుగారే. సగం గడ్డం మీద నురగ ఉండగానే బావమరిది ఫోను పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. భార్యకు స్వయానా తమ్ముడు, కార్ఖానాకు మేనేజరు. అతని ముఖం వెలిగిపోతోందంటే యజమానికి గుండె జారేది.

"బావా, హోటల్ కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఇవాళే వస్తున్నారు మన కార్ఖానా చూడ్డానికి. ఒక మేడంగారు."

"ఇవాళా? ఏ టైముకి?"

"భోజనాలకి ముందే."

యజమాని నురగ తుడిచేసుకున్నాడు. ఊళ్ళో కడుతున్న ఆ కొత్త హోటల్లో గదికి మూడేసి తలుపులు. ప్లాస్టిక్ తలుపులు వచ్చినప్పటి నుంచి తన కార్ఖానాలో రంపం చప్పుడు కన్నా ఈగల చప్పుడే ఎక్కువగా వినిపిస్తోంది. ఈ ఆర్డరు వస్తే కార్ఖానా నిలబడుతుంది. రాకపోతే వానలు మొదలయ్యేలోపు షట్టరు దించేయడమే. ఈ సంగతి భార్యకు తెలియకూడదని అతను చాలా జాగ్రత్తపడ్డాడు. ఆమెకు తెలుసు.

"కాకపోతే చిన్న చిక్కుంది బావా. ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ సమానంగా చూసేవాళ్ళతోనే వాళ్ళు వ్యాపారం చేస్తారట."

"చూస్తాం కదరా. ఇద్దర్నీ ఒకేలా తిడతాం."

"నేనూ అదే చెబ్దామనుకున్నా. ఆవిడ వేరేవి అడిగింది. ఆడవాళ్ళు పనిచేస్తున్నారా అంది, పాలిష్ దగ్గర ఉన్నారన్నా. అది నిజమే కదా. పార్ట్‌నర్లలో ఆడవాళ్ళున్నారా అంది, మా అక్క ఉందన్నా."

"మీ అక్క ఎక్కడుందిరా కార్ఖానాలో?"

"పిలిస్తే వస్తుంది కదా. ఆ తర్వాత ఆడవాళ్ళకి వేరే టాయిలెట్ ఉందా అంది."

"ఏమన్నావు?"

"ఉందన్నా. ఈమధ్యే రంగు కూడా వేయించామన్నా."

యజమాని మిగతా సగం గడ్డం సంగతి మర్చిపోయాడు. కార్ఖానాలో ఉన్నది ఒకే ఒక్క టాయిలెట్, అదీ గేటు పక్కన. వాచ్‌మన్ స్టూలుకు ఎదురుగా ఉన్న దాని తలుపు ఏనాడూ పూర్తిగా పడదు. ఊరందరికీ తలుపులు చేసిపెట్టే చోట సరిగ్గా పడని తలుపు అదొక్కటే. దానిలోకి మగవాళ్ళే వెళ్ళేవారు. మరి ఆడవాళ్ళు ఇన్నేళ్ళుగా ఎక్కడికి వెళుతున్నారన్న ప్రశ్న అతనికి ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడు తట్టింది కానీ, అడగడానికి మొహం చెల్లలేదు.

"ఇప్పటికిప్పుడు ఎక్కడ కట్టిస్తాంరా?"

"కట్టడం దేనికి బావా? ఆవిడ దూరం నుంచి తలుపు చూసి టిక్కు పెట్టుకుని పోతుంది. మనం చేసేది తలుపులేగా."

డాక్టరుగారి తలుపు బండెక్కలేదు. ద్వారబంధంతో సహా కార్ఖానా వెనక్కి మోసుకుపోయి, అక్కడున్న గోడకు ఆనించారు. ఆ గోడకు ఒక కథ ఉంది. కార్ఖానాను పెట్టింది యజమాని, అతని అన్న కలిసి. అన్న పోయాక వదిన వచ్చి, ఆయన స్థానంలో తను కూర్చుంటానని, లెక్కలూ కొలతలూ తనకు తెలుసునని చెప్పింది. "ఆడవాళ్ళకి ఈ రంపంపొట్టు పడదు వదినా" అని అతను ఎంతో ప్రేమగా చెప్పి, ఆమె వాటా స్థలం ఆమెకు వదిలేసి, మధ్యలో గోడ కట్టించాడు. వదిన తన వైపు, వెనక వీధిలోకి గుమ్మం పెట్టుకుని, కిటికీలు చేయడం మొదలుపెట్టింది. రంపంపొట్టు ఆమెకు బాగానే పడింది. గోడ మాత్రం రేకుల దాకా లేవలేదు. పైన గాలికోసం వదిలిన సందులోంచి అవతలి మాటలు ఇవతలికి, ఇవతలి తిట్లు అవతలికి రోజూ వెళుతూనే ఉండేవి.

"దీని వెనకాల ఏముంది బాబూ?" అని అడిగాడు పెద్ద వడ్రంగి, బోల్టు చేతిలో పట్టుకుని.

"గోడ."

"గోడ వెనకాల?"

"మా వదిన."

"మరి తలుపు దేనికి?"

"చూడ్డానికి. నువ్వు కొట్టు."

వడ్రంగి కొట్టాడు. పైన సందులోంచి వదిన గొంతు వచ్చింది. "ఎవరయ్యా అది? గోడ పడగొడుతున్నారా ఏంటి? నా కిటికీలన్నీ ఊగిపోతున్నాయి."

"ఏం లేదక్కా, కేలండరుకి మేకు కొడుతున్నాం," అన్నాడు బావమరిది.

"కేలండరుకా? మేకు చప్పుడు వింటే ఏనుగుని కట్టేసేలా ఉన్నారే."

బోర్డు పెయింటరు వచ్చి తలుపుమీద 'స్త్రీలు' అని గుండ్రటి అక్షరాలతో రాసి, పక్కన ఒక పువ్వు కూడా వేశాడు. పువ్వు అడగకుండానే వేశాడు. అందరూ అక్క అని పిలిచే పాలిష్ పనావిడ చేతిలో గుడ్డతో వచ్చి, తలుపుకేసి కాసేపు చూసింది.

"ఇదెప్పుడొచ్చింది సారూ?"

"ఇప్పుడే."

"వెళ్ళొచ్చా మరి?"

"ఇవాళ వద్దు."

ఇంటి నుంచి భార్యను తీసుకొచ్చి ఆఫీసు గదిలో యజమాని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె ఒకసారి అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"కుర్చీ ఇంత మెత్తగా ఉంటుందా? రోజూ ఇంటికొచ్చి నడుం పట్టేసిందంటారేం?"

"అది తర్వాత మాట్లాడుకుందాం. ఆవిడ ఏమడిగినా నవ్వు, చాలు."

"నవ్వడానికి పార్ట్‌నర్ ఎందుకండీ, ఫొటో పెట్టుకోవచ్చుగా."

హోటల్ కంపెనీ ఆఫీసరమ్మ చెప్పిన టైముకే వచ్చింది. నెమ్మదైన మనిషి. చెప్పులకు దుమ్మంటుతున్నా పట్టించుకోకుండా యంత్రాలన్నీ చూసింది, చెక్కను గోటితో గీకి చూసింది, యజమానిని వదిలేసి నేరుగా అతని భార్యతో మాట్లాడింది.

"కార్ఖానా విషయంలో మీరు చెప్పిన నిర్ణయం ఏదైనా ఉందాండీ?"

"ఉంది. గోడ కట్టొద్దని చెప్పాను," అంది భార్య, నవ్వుతూనే. "వినలేదు."

"ఏ గోడ?"

"టీ తీసుకోండి మేడం," అన్నాడు బావమరిది.

అక్కడి నుంచి మర్యాదలు మొదలయ్యాయి. ఆవిడ వెనక్కి వెళదామన్నప్పుడల్లా బావమరిది ఏదో ఒకటి తాగించాడు. టాయిలెట్ చూపిస్తారా అంటే కూల్‌డ్రింకు తెప్పించాడు. ఎండగా ఉందంటూ మంచినీళ్ళిచ్చాడు, నీళ్ళు చల్లగా లేవంటూ ఇంకో కూల్‌డ్రింకిచ్చాడు. చివరికి తప్పక వెనక్కి తీసుకెళ్ళి, చెక్కల దొంతర ఇవతలే ఆపి, దూరం నుంచి చూపించారు. పాలిష్ చేసిన టేకు, ఇత్తడి పిడి, గుండ్రటి అక్షరాలు, పువ్వు.

"చాలా బాగుంది," అందావిడ. నిజంగానే అంది. "చాలాచోట్ల ఒక గోనెసంచీ వేలాడదీసి ఇదేనంటారు. మీరు ఇంత శ్రద్ధ పెట్టారంటే, ఇక నేను అడగాల్సిందేమీ లేదు."

యజమానికి ప్రాణం లేచొచ్చింది. బావమరిది తన భుజం తానే తట్టుకుంటున్నట్టు నిలబడ్డాడు. ఆవిడ కారు దాకా వెళ్ళింది, డ్రైవరు తలుపు తీశాడు. ఆవిడ ఆగింది. ఒక టీ, రెండు కూల్‌డ్రింకులు, చెంబెడు నీళ్ళు.

"ఒక్క నిమిషం. దారి చాలా దూరం, ఒకసారి లోపలికి వెళ్ళొస్తాను," అని వెనక్కి నడిచింది.

బావమరిది పరుగున వెళ్ళి ఆ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "లోపల ఎవరో ఉన్నారు మేడం."

"ఉంటే రానివ్వండి, ఆగుతాను."

ఆవిడ ఆగింది. ఎదురుగా యజమాని, అతని భార్య, వడ్రంగి, పాలిష్ అక్క కూడా ఆగారు. ఎంతసేపు ఆగినా గోడ బయటికి రాలేదు. ఆవిడ ముందుకొచ్చి మెల్లగా తలుపు తట్టింది.

"లోపల ఎవరండీ?"

"నేనే. ఎవరు కావాలి?" అని పైనున్న సందులోంచి వదిన గొంతు పలికింది.

యజమాని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కొంచెం తొందరగా వస్తారా అమ్మా?"

"ఎలా వస్తానండీ, చేతిలో పనుంది."

ఆవిడ మొహమాటపడింది. "సరే, సరే, నిదానంగా కానివ్వండి. ఎంతసేపు పట్టొచ్చు?"

"సాయంత్రం దాకా పడుతుంది. ఇవాళ ఇది తేలిపోవాల్సిందే."

ఆవిడ యజమానికేసి చూసింది. యజమాని పువ్వుకేసి చూశాడు.

"ఒంట్లో బాగానే ఉందా అమ్మా? ఎప్పటి నుంచి ఉన్నారు అక్కడ?"

"మా ఆయన పోయినప్పటి నుంచి."

"బయటికి రారా?"

"ఇటు నుంచి ఎలా రాను? మా మరిది అడ్డంగా కట్టించేశాడుగా."

ఆవిడ ముఖం పాలిపోయింది. "ఎవరా మరిది?" అని మెల్లగా అడిగింది. అందరి కళ్ళూ, వాటిలో భార్యవి అందరికన్నా ముందు, ఒకే మనిషి మీదికి వెళ్ళాయి.

"తలుపు బద్దలుకొట్టండి," అంది ఆఫీసరమ్మ. "ఇప్పుడే. లేకపోతే పోలీసుల్ని పిలుస్తాను."

పెద్ద వడ్రంగి గునపం తీసుకున్నాడు, మళ్ళీ కింద పెట్టాడు. "ఈ టేకు మీద నాకు చెయ్యి రాదు మేడం," అని జేబులోంచి తాళంచెవి తీసి తిప్పాడు. తలుపు ఏమాత్రం కిర్రుమనకుండా, వెన్నలా తెరుచుకుంది. లోపల గోడ ఉంది. సున్నం వేసిన ఇటుక గోడ.

ఆవిడ వేలితో గోడను తాకి చూసింది. తలెత్తి పైనున్న సందు చూసింది. ఆ తర్వాత యజమానిని చూసింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అతను అన్నాడు.

"లోపల కొంచెం ఇరుకు మేడం."

"ఇంకా అక్కడే ఉన్నారా?" అంది గోడ.

పాలిష్ అక్క గుడ్డ పక్కన పెట్టి ముందుకొచ్చింది. "మేము రోజూ వెళ్ళేచోటికి తీసుకెళ్తా రండమ్మా. వీధి చుట్టుకుని పోవాలి. గోడ అవతలి పెద్దమ్మగారు ఏమీ అనరు, మాకు సబ్బు కూడా వేరే పెడతారు."

"నేనూ వస్తున్నా," అంటూ భార్య ఆఫీసరమ్మ పక్కన నడిచింది.

"నువ్వెందుకు?" అన్నాడు యజమాని.

"పార్ట్‌నర్ని కదండీ. చూడొద్దూ?"

బావాబావమరుదులు ఇద్దరూ తెరిచిన తలుపు ముందు, గోడకేసి చూస్తూ నిలబడ్డారు. కొంతసేపటికి అవతల నలుగురైదుగురు ఆడవాళ్ళ మాటలు వినిపించాయి, తర్వాత నవ్వులు. అందులో తన భార్య నవ్వును యజమాని గుర్తుపట్టాడు. ఇంట్లో ఆ నవ్వు విని చాలా కాలమైంది.

"బావా, మనల్ని మరీ తిట్టుకుంటున్నట్టు లేరు," అన్నాడు బావమరిది ఆశగా.

"నోర్ముయ్యరా."

ఆఫీసరమ్మ తిరిగొచ్చింది సంచీ కోసం మాత్రమే. వెళుతూ వెళుతూ, "మీ తలుపులకి వంక పెట్టడానికి లేదండీ," అంది. "చూడగానే నమ్మేశాను."

మర్నాడు పొద్దున యజమాని కార్ఖానాకు వచ్చేసరికి అతని కుర్చీలో భార్య, ఆమె పక్కన వదిన కూర్చుని ఉన్నారు. అతనికి మిగిలింది గేటు దగ్గరి నుంచి తెచ్చిన వాచ్‌మన్ స్టూలు.

"కూర్చో మరిదీ," అంది వదిన. "హోటల్ పని నాకిచ్చారు. కిటికీలు నేను చేసుకుంటాను. తలుపులకి ఎవరితో కలుస్తారో మీరే చూసుకోండమ్మా అన్నారు. ఊరి చివర ఒకాయన ఉన్నాడు, కొత్త యంత్రాలవీ పెట్టాడట."

"ఆయన చెక్క పచ్చిది వదినా," అన్నాడు యజమాని, నేలచూపులు చూస్తూ. "ఒక్క వానకే ఉబ్బిపోతుంది."

"నీ చెక్క సంగతి నాకు తెలుసులే. మీ అన్న కొన్న చెక్కేగా. నేనడిగేది వేరు. ఎవరితో కలిసినా చూసి కలవమంది ఆ ఆఫీసరమ్మాయి. ఆడవాళ్ళు పనిచేస్తున్నారా నీ దగ్గర?"

"ఉన్నారు కదా వదినా. రోజూ మీ దగ్గరికే వస్తున్నారట."

"పార్ట్‌నర్లలో?"

అతను భార్యకేసి చూశాడు. ఆమె కుర్చీలో ఇంకొంచెం వెనక్కి ఆనుకుంది. "నిన్న మీరే చెప్పించారు కదండీ. అంత పెద్ద కంపెనీ ముందు అబద్ధమాడామని అనిపించుకోవడం నాకిష్టం లేదు."

"ఉంది," అన్నాడు యజమాని.

"టాయిలెట్?"

బయట రంపం ఆగింది. అతను స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. "తలుపైతే ఉంది వదినా."

వదిన నవ్వలేదు కానీ, నవ్వకుండా ఉండటానికి కష్టపడింది. "తలుపు దొరికింది కాబట్టి ఇంక గోడ సంగతి చూడు. ఆ తలుపు వెనకున్నంత మేరా తీసెయ్. నీ పనివాళ్ళు ఎండలో వీధంతా చుట్టి రావడం నేను చూడలేకపోతున్నాను. అది తీసిన రోజు కాగితాల మీద సంతకం పెడతాను. ముగ్గురం పెడతాం."

ఆ మధ్యాహ్నమే పెద్ద వడ్రంగి ద్వారబంధం లోపలి ఇటుకలు ఒక్కొక్కటీ తీసేశాడు. అవతల వైపు నుంచి వదిన మనుషులు కూడా తీశారు. టేకు తలుపు ఒక్క పిసరు కూడా సవరించాల్సిన అవసరం లేకుండా, మొదటి నుంచీ ఆ కంత కోసమే చేసినట్టు కూర్చుంది. డాక్టరుగారికి ఇంకో తలుపు చేస్తున్నామని ఫోనులో చెప్పి, తిట్లు బావమరిది తిన్నాడు. పెయింటరు వేసిన అక్షరాలూ పువ్వూ చెరపాలని యజమాని అన్నాడు కానీ, పార్ట్‌నర్లిద్దరూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు కార్ఖానాలో రంపాలు రెండు వైపులా మోగుతున్నాయి. కొలతల గురించి ఏదైనా మాట్లాడాల్సి వచ్చినప్పుడు యజమాని వెనక్కి వెళ్ళి, 'స్త్రీలు' అన్న అక్షరాల కింద మెల్లగా తట్టి, "ఎవరు?" అని వినిపించేదాకా నిలబడతాడు. తలుపు అతను చేయించిందే. గొళ్ళెం మాత్రం అవతలి వైపు బిగించారు.