అంతటా తొమ్మిదే

ఒక పెద్ద అడవిలో మూడేళ్లుగా వరద తప్పడం లేదు. వాగు పొంగినప్పుడల్లా బొరియల్లోకి నీళ్లు జొరబడి పిల్లలు కొట్టుకుపోతున్నాయి. చివరికి అడవి సభ కూర్చుని, వాగుకు దూరంగా ఉన్న ఎర్రదిబ్బ మీద పిల్లల కోసం ఒక పెద్ద గుహ కట్టాలని తీర్మానించింది. చుట్టూ రాళ్ల గోడలు, పైన బండల కప్పు. తొలకరికి ముందే పూర్తి కావాలి.

కట్టే ముందు నేల గట్టిదో మెత్తదో చూడాలి కదా. ఆ అడవిలో నేల చూసేవాళ్లు ముగ్గురు: ముళ్లపంది అచ్చమ్మ, అడవిపంది గవర్రాజు, పందికొక్కు పాపయ్య. ముగ్గురి జాతి పేర్లలోనూ పంది ఉంది గానీ వాళ్ల మధ్య చుట్టరికం లేదు, మాటలూ లేవు.

అచ్చమ్మ పద్ధతి తండ్రి దగ్గర నేర్చుకున్నది. ఒక ముల్లు నేలలో నిలబెట్టి రాయితో కొడుతుంది. జానెడు దిగడానికి ఎన్ని దెబ్బలు పడితే అదే ఆ నేల లెక్క. ఆ లెక్కను చెట్టు బెరడు మీద గీసి, బొరియ అడుగున దాచుకుంటుంది. మిగతా ఇద్దరూ ఎలా కొలుస్తారో ఆమెకు తెలియదు. అడగడం చిన్నతనమనుకుంది. తన పద్ధతి చెప్పడం అంతకంటే తెలివితక్కువ అనుకుంది. వాళ్లూ అలాగే అనుకున్నారు. దాంతో ఎవరికి నేల సంగతి కావాలన్నా మళ్లీ మొదటి నుంచి తవ్వించుకోవాల్సిందే. అలా ఒకరి గుంట పక్కన ఒకరు తవ్వి తవ్వి ఎర్రదిబ్బను జల్లెడ చేశారు. పోయినేడు ఒక చూలు లేడి ఆ గుంటల్లో పడి కాలు విరగ్గొట్టుకుంది.

ఆ లేడిని చూసి వచ్చాక అచ్చమ్మకు రెండు రోజులు తిండి సయించలేదు. ఆ గుంట ఆమె తవ్విందే. అదే చోట అంతకుముందు పాపయ్య తవ్వాడు. అతని లెక్క తనకు తెలిసి ఉంటే తాను తవ్వేదే కాదు.

మరుసటి సభలో ఆమె లేచి, ఇకనుంచి ముగ్గురి లెక్కలూ ఒకే తీరుగా రాసి, అందరికీ కనపడేలా ఒక చెట్టుకు వేలాడదీద్దామని చెప్పింది. సభాధ్యక్షుడు ఏనుగు భద్రప్పకు ఆ మాట బాగా నచ్చింది. వెంటనే నేల లెక్కల ఉమ్మడి సంఘం ఏర్పాటైంది. నేల గురించి ఏమీ తెలియనివాడైతే ఎవరి పక్షమూ వహించడని నక్క జోగినాథాన్ని కార్యదర్శిని చేశారు.

సంఘం పదకొండుసార్లు కూర్చుంది. మొదటి నాలుగుసార్లూ బెరడు ఏ చెట్టుది కావాలన్న దాని మీదే గడిచిపోయాయి. తర్వాత మూడుసార్లు అంచు రంగు మీద. ఎనిమిదోసారి అచ్చమ్మ అసలు సంగతి ఎత్తింది. అంకె పక్కనే దాన్ని ఎలా కొలిచామో కూడా రాయాలంది.

గవర్రాజు కోర నేలకేసి గీకాడు. అది తన తాతల నాటి విద్య అని, బెరడు మీద రాసి చెట్టుకు వేలాడదీయడానికి ఊరికే రాలేదని అన్నాడు. పాపయ్య తల వంచుకుని అవునన్నట్టు ఊపాడు. నిజం చెప్పాలంటే అచ్చమ్మకు కూడా తన ముల్లు సంగతి బయటపెట్టాలంటే లోపల ఎక్కడో పీకుతూనే ఉంది.

అప్పుడు జోగినాథం గొంతు సవరించుకున్నాడు. "ఎవరి విద్య వారిదే. ఎలా కొలిచారో ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు అంకెలూ నాకివ్వండి, సగటు తీసి ఒకే అంకె రాస్తాను. ఒకే బెరడు, ఒకే అంచు, ఒకే అంకె. ఉమ్మడి అంటే అదే కదా."

అచ్చమ్మ ఏదో అనబోయింది. ఈలోగా అతను ఆ బెరడు మీద గుర్తుగా ముళ్లపంది ముల్లును వేయాలని ప్రతిపాదించాడు. ఈ ఆలోచన మొట్టమొదట చేసింది అచ్చమ్మగారే కదా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఇంటికి వెళ్లేటప్పుడు తాను ఒప్పుకున్నది ఎందుకో ఆమెకు తెలుసు. తెలిసినా నడకలో కాస్త హుషారు ఉంది.

ముగ్గురూ ఎర్రదిబ్బకు ఉత్తరాన ఒకచోట, దక్షిణాన ఒకచోట నేల చూసి అంకెలిచ్చారు. జోగినాథం సగటు తీశాడు. ఉత్తరాన తొమ్మిది, దక్షిణాన తొమ్మిది.

తొమ్మిది అంటే మంచిదేనా అని భద్రప్ప అడిగాడు.

"అయ్యా, నిన్నటి దాకా ఒక్కో మూలకు ఒక్కో లెక్క. ఇప్పుడు అంతటా తొమ్మిదే," అన్నాడు జోగినాథం.

అంత సమానమైన నేల ఇంకెక్కడ దొరుకుతుందని భద్రప్ప కట్టమన్నాడు. ఉత్తరం వైపు వాగు గాలి బాగుంటుందని గుహ ద్వారం అటే పెట్టారు. ద్వారం మీద ముల్లు బొమ్మ చెక్కారు.

ప్రారంభానికి నాలుగు రోజుల ముందు అచ్చమ్మ ఆ బొమ్మ చూసుకోవడానికి వెళ్లింది. బొమ్మ చక్కగా ఉంది. దాని కిందే గోడ అడ్డంగా చీలి ఉంది. ఆమె ఒక ముల్లు పీకి నేలలో నిలబెట్టింది. రాయి ఎత్తకముందే, చేతి బరువుకే సగం దిగిపోయింది.

ఇంటికి వచ్చి తన బెరడు తీసి చూసింది. ఉత్తరాన రెండు దెబ్బలు. దక్షిణాన ఇరవై. ఆ రెండు చోట్లా తొమ్మిది ఎలా వచ్చిందో ఎంతకీ అర్థం కాలేదు. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆమె పాపయ్య బొరియ ముందు నిలబడింది.

పాపయ్య చాలాసేపు నసిగాడు. ఆఖరికి చెప్పాడు. తాను మట్టిగడ్డ నోట్లో వేసుకుని నములుతాడట. ఎన్ని నములుళ్లకు పొడి అయితే అదే లెక్క. దక్షిణాన ఐదు, ఉత్తరాన మూడు.

"మూడంటే పేడ కన్నా మెత్తన," అన్నాడు. "కానీ మీ ఇద్దరికీ పెద్ద అంకెలు వచ్చి ఉంటాయి, పొరపాటు నాదేననుకున్నాను అక్కా. సిగ్గేసి ఊరుకున్నాను."

ఇద్దరూ కలిసి గవర్రాజు దగ్గరికి వెళ్లారు. తనకు ఉత్తరాన ఇరవై రెండు వచ్చిందని అతను గర్వంగా చెప్పాడు. ఇరవై రెండంటే గట్టిదా అని అచ్చమ్మ అడిగింది.

"గట్టిదేమిటి? మూతితో ఒక్క పోటు పొడిస్తే ఇరవై రెండు వేళ్ల లోతు దిగింది. కళ్లలోకి బురద పోయింది. దక్షిణాన రెండు వేళ్లే దిగింది." తన అంకె పెద్దదైతే నేల మెత్తదని లోకమంతటికీ తెలుసనే అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు.

ముగ్గురూ తమ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఉత్తరాన నేల పనికిరాదని ముగ్గురూ ఒకే మాట చెప్పారు. ఆ మాటే సగటులో మాయమైపోయింది.

జోగినాథం అంతా ఓపిగ్గా విన్నాడు. తొమ్మిదిని మార్చాలంటే అంచున్న బెరడు మీద అర్జీ పెట్టుకోవాలని, వానలు వెళ్లాక జరిగే పన్నెండో సమావేశంలో చూద్దామని చెప్పాడు. అధ్యక్షులవారికి చెబుదామంటే ఆయన ప్రసంగం బట్టీ పడుతున్నారు, ఎవరినీ చూడరన్నాడు.

ప్రారంభం రోజున పిల్లలు వరసగా నిలబడ్డాయి. ముందు లేడిపిల్లలు, వెనక కుందేళ్లు, ఆ వెనక ఎలుగుబంటి కవలలు. లోపలికి వెళ్లి స్వాగతగీతం పాడాలి. అచ్చమ్మ వెళ్లి ద్వారానికి అడ్డంగా నిలబడి ముళ్లన్నీ నిక్కబొడిచింది. మొదటి లేడిపిల్ల ఝడుసుకుని వెనక్కి గెంతింది. దాని తల్లి కుంటుకుంటూ వచ్చి అచ్చమ్మను నానా మాటలూ అంది. ఆ కుంటి నడక చూశాక అచ్చమ్మ ఇక కదలదలుచుకోలేదు. పాపయ్య ఆమె పక్కకు వచ్చాడు. గవర్రాజు గుంపులోనే కొంతసేపు అటూ ఇటూ ఊగి, తర్వాత అతనూ వచ్చి నిలబడ్డాడు.

"మీ గుర్తే కదమ్మా ద్వారం మీద ఉంది. ఇంకేం కావాలి మీకు?" అని భద్రప్ప అడిగాడు.

"ఆ గుర్తు తీసేయండయ్యా. పిల్లల్ని మాత్రం లోపలికి పంపొద్దు."

భద్రప్పకు కోపం వచ్చింది. తొండంతో ఆమెను పక్కకు నెట్టడానికి, తాను నిలబడి ఉన్న దక్షిణపు బండ మీద నుంచి దిగి ద్వారం వైపు నాలుగు అడుగులు వేశాడు. ఐదో అడుగుకు నేల లేదు. పొట్ట దాకా కూరుకుపోయాడు. వెనకే గోడ ఒరిగింది, కప్పు బండలు ఒకదాని మీద ఒకటి లోపలికి కూలాయి. స్వాగతగీతం పాడాల్సిన చోట దుమ్ము లేచింది. అచ్చమ్మ వీపు మీద ముళ్లు సగం విరిగిపోయాయి. పిల్లల్లో ఒక్కదానికీ గీత కూడా పడలేదు.

భద్రప్పను బయటికి లాగడానికి మూడు రోజులు పట్టింది. తర్వాత జోగినాథం విచారణ జరిపాడు. సంఘం పద్ధతిలో లోపమేమీ లేదని, అచ్చమ్మ ముళ్లు నిక్కబొడవడం వల్లే అధ్యక్షులవారు నడవకూడని చోట నడిచారని తేలింది. ఆమెను సంఘం నుంచి తొలగించారు. ఇకపై బెరడు అంచు రెండింతలు వెడల్పు ఉండాలని కూడా తీర్మానించారు.

అచ్చమ్మ, గవర్రాజు, పాపయ్య దక్షిణపు రాతి మీద కూర్చుని ఒక మామూలు బెరడు రాశారు. ఎక్కడ చూశారు, ఎంత లోతున, దేనితో కొలిచారు, ఎంత వచ్చింది, పెద్ద అంకె వస్తే నేల గట్టిదా మెత్తదా. దాన్ని దారి పక్క మద్దిచెట్టుకు వేలాడదీశారు. కుందేళ్లు చదువుకున్నాయి, లేళ్లు చదువుకున్నాయి. ఎవరూ కొత్తగా గుంట తవ్వలేదు. కూలిన రాళ్లే మోసుకొచ్చి, తొలకరి పడేలోగా దక్షిణాన చిన్న గుహ లేపారు.

మొదటి వరద రోజున జోగినాథం తన పిల్లల్ని వెంటబెట్టుకుని తడిసి వచ్చాడు. లోపలికి అడుగుపెట్టే ముందు మద్దిచెట్టు దగ్గర ఆగి ఆ బెరడు మొత్తం చదివాడు.

"ఇదంతా చదివితే మీ పని ఎవరైనా చేసేయగలరు కదా," అన్నాడు, జాలిపడుతున్నట్టు.

"చేయనివ్వండి," అంది అచ్చమ్మ, పిల్లల్ని లోపలికి తీసుకుంటూ. "నాకా ముళ్లు ఇంకా మొలవలేదు."

అతను లోపల అన్నిటికన్నా పొడిగా ఉన్న మూల చూసుకుని కూర్చున్నాడు.

నీతి: అందరూ ఒప్పుకునే అంకె కావాలంటే, అది దేని అంకె అని మాత్రం ఎవరూ అడగకూడదు.