ముగ్గురు పెద్దమనుషుల రెఫరల్

మనకు తలనొప్పిగా తయారైన మనిషిని మర్యాదగా ఇంకొకరి దగ్గరికి పంపించడం కన్నా గొప్ప సంఘసేవ లేదు. చదువుకున్నవాళ్ళు దీన్నే రెఫరల్ అంటారు. బళ్ళారిలో ఈ సేవ ఎంత బాగా సాగుతోందో తెలియాలంటే తనూజ సంగతి వినాలి.

తనూజ సైకాలజీ చదివి, మెడికల్ షాపు పైన ఒక గది తీసుకుని కౌన్సెలింగ్ సెంటర్ తెరిచింది. నాలుగు నెలల్లో మెట్లెక్కి వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకాయన బీపీ చూడమన్నాడు. ఇంకొకామె బాత్రూమ్ ఎక్కడని అడిగింది.

"బోర్డు చూసి ఎవరొస్తారమ్మా? పేరున్నవాళ్ళను కలువు. వాళ్ళు పంపిస్తే వస్తారు" అని చదువు చెప్పిన ప్రొఫెసర్ ఫోన్లో సలహా ఇచ్చింది.

తనూజ విజిటింగ్ కార్డులు అచ్చువేయించి ముగ్గురిని కలిసింది. ఒకరు జ్వరాల డాక్టరు చెన్నకేశవరావు. ఒకరు ప్రైవేటు స్కూలు హెడ్‌మిస్ట్రెస్ శారదమ్మ. మూడో ఆయన విరూపాక్షయ్య, యశ్వంతనగర్ వైపు గనుల నుంచి ఖనిజం తోలే లారీలకు యజమాని. మనసు బాగలేనివాళ్ళుంటే తన దగ్గరికి పంపమంది. ముగ్గురూ కాఫీ ఇచ్చారు. ముగ్గురూ "అట్లాంటోళ్ళు మా దగ్గర శానామంది ఉండారమ్మా" అన్నారు. తనూజకు ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కుండానే చీటీలు మొదలయ్యాయి. డాక్టరుగారు పంపిన పెద్దాయన జబ్బేమిటంటే, ప్రతి మాత్రకూ ఇదెందుకని అడగడం. శారదమ్మ పంపిన నాగవేణి టీచరుది ఇంకా ముదిరిన కేసు. ఒక్క తరగతిలో ఎనభైమంది పిల్లలుంటే పాఠం చెప్పలేనని స్టాఫ్ మీటింగులో, అందరి ముందూ అనేసింది! 'సర్దుకుపోయే గుణం తగ్గింది, పెంచి పంపగలరు' అని ఆమె చీటీలో ఉంది. ఇద్దరికీ ఏ జబ్బూ లేదని తనూజ మెత్తగా జవాబు రాసి పంపింది.

విరూపాక్షయ్య ఇచ్చిన మూడో చీటీ పట్టుకుని దురుగప్ప వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఘాట్ రోడ్డు మీద లారీ తోలుతున్న మనిషి. చీటీలో 'అకారణ భయం' అని రాసి ఉంది.

"ఈ భయం ఎప్పటినుంచి?" అని అడిగింది తనూజ.

"బ్రేకులు సరిగ్గా పట్టనప్పట్నుంచి మేడమ్. మూడు తూర్లు చెప్పినా. లారీ బాగానే ఉండాది, నీ తలకాయే బాగలేదు, పోయి సర్టిఫికెట్ తీసుకురాపో అన్నాడు మా సావుకారు. ఘాట్ దిగితే కిందనే ఊరుండాది."

తనూజ పెన్ను తీసింది. బాగున్నాడని రాస్తే ఇతను లారీ దింపాలి. బాగలేడని రాస్తే ఇంకో డ్రైవరు దింపుతాడు. ఉన్నదున్నట్టు రాస్తే ఇక ఆ వైపునుంచి ఒక్కరూ రారు. ఆఖరికి లెటర్‌హెడ్ మీద ఇట్లా రాసింది: 'దురుగప్ప భయానికి కారణం ఉంది. చికిత్స కావలసింది లారీకి. దాన్ని మెకానిక్‌కు రెఫర్ చేస్తున్నాను.'

దురుగప్ప ఆ కాగితాన్ని సావుకారుకు ఇచ్చేముందు జిరాక్సులు తీయించి డ్రైవర్లందరికీ పంచాడు. మరునాడు ఒక్క లారీ కూడా కదల్లేదు. మూడోనాటికి అన్నీ రిపేరు షెడ్డుకు చేరాయి.

"ఏందమ్మా, పోనీలే పాపం అని మేము మనుషుల్ని పంపిస్తాంటే, మీరు మా బండ్లను ఆపిస్తారా?" అని విరూపాక్షయ్య ఫోన్లో బాధపడ్డాడు. ఆ తర్వాత డాక్టరుకూ, శారదమ్మకూ ఫోన్ చేశాడు. అంతవరకూ ఒకరి మొహం ఒకరు చూడని ముగ్గురూ ఒకచోట కూర్చుని, ఒక్క మాట మీదికి వచ్చారు. నెట్‌వర్క్ అంటే ఇదీ!

రెండ్రోజులకు డాక్టరుగారి లెటర్‌హెడ్ మీద ఒక చీటీ వచ్చింది. పేషెంటు పేరు దగ్గర తనూజ పేరే ఉంది: 'ఎవరేం చెప్పినా నమ్మే లక్షణం కనిపిస్తోంది. విశ్రాంతి అవసరం. బెంగళూరులో పెద్ద డాక్టరుకు చూపించవలెను.' కింద మూడు సంతకాలు.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు. ఆ తర్వాత పది రోజులు మెట్లమీద అడుగుల చప్పుడే లేదు.

పదకొండో రోజున దురుగప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కొత్త బ్రేకులు ఏసినారు మేడమ్. బాగా పట్తాండాయి. అయినా స్టీరింగ్ ముట్టుకుంటే చేతులు వణుకుతాండాయి."

కూర్చోమని చెప్పి తనూజ ఒక ఫారం తీసింది. పేరు రాసింది, వయసు రాసింది. 'పంపినవారు' అన్న చోట ఆగి తలెత్తింది.

"ఎవురూ పంపలేదమ్మా" అన్నాడు దురుగప్ప. "నేనే వచ్చినా."