బొగ్గుగారి మెడికల్ ఫైలు

మనిషి ఘనత మేడ ఎత్తులో లేదు, మెడలోని బంగారంలో లేదు. అతను పెంచుకునే కుక్క మెడికల్ ఫైలు మందంలో ఉంది! ఇది శాసనం. ఏ ప్రభువులూ చేసింది కాదు. ఆ అయిదంతస్తుల మేడలోని ఆడా మగా సాయంత్రం పూట లిఫ్టు ముందు కుర్చీలు వేసుకుని తమకి తామే చేసుకున్నది. కాంట్రాక్టరుగారి భార్య పెంచే బేబీ అనే కుక్క ఫైలు ఇటుకంత ఉండేది. మూడో అంతస్తు లాయరుగారి పిల్లికి గుండె పరీక్షలు జరిగాయని తెలిసిన నాటి నుంచి, మెట్ల మీద ఎదురైనవాళ్ళు ముందు పిల్లికి నమస్కారం పెట్టి, మిగిలితే లాయరుగారికి పెట్టేవారు.

రెండో అంతస్తులో రిటైరైన టీసీగారి కాపురం. ముప్ఫై అయిదేళ్ళు రైళ్ళలో టికెట్లు చూసిన మనిషి. ఆ ఇంటికి పట్టిన అప్రదిష్ట ఒకటే: వాళ్ళ కుక్కకి రోగం లేదు! సందు చివర చెత్తకుండీ పక్కన పుట్టిన ప్రాణి. ఒళ్ళంతా నలుపని బొగ్గు అని పిలిచేవారు. చెప్పు తిన్నా అరిగిపోయేది, సబ్బు మింగినా అరిగిపోయేది. ఒకసారి గొడుగు మొత్తం తినేసి పిడి మాత్రం వదిలేసింది. అదీ అరగదని కాదు, రుచి నచ్చక.

"మీ బొగ్గు ఇంకా ఆరోగ్యంగానే ఉందటగా వదినగారూ, పాపం!" అని కాంట్రాక్టరు భార్య జాలిపడేసరికి టీసీగారి ఇల్లాలికి తల కొట్టేసినట్టయింది. గబగబా పైకొచ్చింది.

"ఏమండీ, రేపు దాన్ని జంతువుల పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం."

"దానికేం జబ్బే?"

"అది నన్నడుగుతారేం? చెప్పడానికే కదా అంత పెద్ద డాక్టరు కూర్చున్నది!"

టీసీగారి చూపు బీరువా మీదికి పోయింది. కారణం ఉంది. ఆయన నోట్లో మిగిలినవి మూడే పళ్ళు. పైన రెండు, కింద ఒకటి. అవి ఒకదాన్నొకటి కలుసుకుని పదేళ్ళయింది. రొట్టెని పాలలో నానబెట్టి మింగుతూ, పెన్షనులో కొంతా కొంతా మిగిల్చి, పళ్ళసెట్టు కోసం రెండేళ్ళుగా దాస్తున్నారు. ఇంట్లో ఉన్న రొక్కం అదొక్కటే.

పెద్దాసుపత్రి తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల నేల ఎంత నున్నగా ఉందంటే, బొగ్గు అడుగు పెట్టగానే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి వెళ్ళిపోయాయి.

"అయ్యో, బేబీకి నడకలో తేడా ఉందే!" అంది, ఏ కుక్కనైనా బేబీ అనే బల్ల దగ్గరి అమ్మాయి. అని ఊరుకోలేదు, రాసేసుకుంది. "బేబీ దిగులుగా ఉంటుందా?"

"తిండి కనిపించేదాకా ఉంటుందమ్మా."

అదీ రాసుకుంది. దిగులుకి వేరే డాక్టరట!

పెద్ద డాక్టరు బొగ్గు నోరు తెరిపించి, లోపల ఊరు తగలబడుతున్నట్టు నిట్టూర్చాడు. "ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నారండీ? పళ్ళ నిండా గార! మత్తిచ్చి గీకాలి. మత్తుకి ముందు రక్తపరీక్ష. దానికి ముందు ఎక్స్‌రే. ఎక్స్‌రేకి కదలకుండా ఉండాలి కనుక ఇంకో మత్తు."

అంచనా కాగితం చేతికొచ్చింది. టీసీగారు చదివి కుర్చీ పట్టుకున్నారు. "డాక్టరుగారూ, ఆ మత్తేదో ముందు నాకివ్వండి."

ఆయన పళ్ళసెట్టుకి మూడింతలు! ఒక కుక్క పళ్ళు తోమే ఖర్చుతో ముగ్గురు మనుషులకి నోళ్ళు కట్టించొచ్చు.

"ఎల్లుండి తీసుకొస్తామండీ," అంది ఇల్లాలు ధీమాగా. "మావారి దగ్గర కొంత ఉంది. మిగతాదానికి నా గాజులున్నాయి."

దారిలో టీసీగారు గొణిగారు. "మరి నా పళ్ళే?"

"ఈ వయసులో మీకు పళ్ళెందుకండీ? కరుస్తారా, కాపలా కాస్తారా?"

టీసీగారు నాలికతో ఆ మూడు పళ్ళనీ లెక్కపెట్టుకున్నారు.

ఆ సాయంత్రం లిఫ్టు ముందు వార్త పొక్కింది. కాంట్రాక్టరు భార్య పెదవి విరిచింది. "పళ్ళ గీకుడు కూడా ఒక వైద్యమేనా అన్నయ్యగారూ! మా బేబీకి వెన్నెముక స్కానింగు! ఇదిగో!" అంటూ ఫైలు తెరిచి ఆయన ముక్కు ముందు ఆడించింది.

అక్కడే పొరపాటు చేసింది. టీసీ ముందు ఎవరూ కాగితం ఆడించకూడదు. ఆయన చెయ్యి ఆయన్ని అడక్కుండానే వెళ్ళి అందుకుంది, వెలుతురుకి పట్టింది, తిరగేసింది. పేరు: బేబీ. కింద ఇంకేదో పేరు చెరిపిన మచ్చ. వయసు: యాభై ఎనిమిది. బరువు: ఎనభై నాలుగు కిలోలు. సలహా: మెట్లు తక్కువగా ఎక్కవలెను, సిగరెట్లు మానవలెను.

టీసీగారు బేబీ వంక చూశారు. సంచిలో పట్టే బొచ్చు కుక్క. తరవాత భార్య వెనక నిలబడ్డ కాంట్రాక్టరుని చూశారు. నడుముకి వెడల్పాటి బెల్టు. వీపు వెనక దాచిన చేతిలోంచి పొగ.

టికెట్టు లేనివాడిదైనా పెట్టెడు జనం ముందు పరువు తియ్యకూడదని టీసీగారి నియమం. తలుపు దగ్గరికి పిలిచి మాట్లాడేవారు. ఇప్పుడూ అంతే. "దివ్యంగా ఉందమ్మా," అని ఫైలు ఇచ్చేసి, "బావగారూ, ఒక్కసారి మెట్ల దగ్గరికొస్తారా?" అన్నారు.

మెట్ల దగ్గర కాంట్రాక్టరు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "మీ పుణ్యముంటుంది బావగారూ, బయటపెట్టకండి! ఆరేళ్ళుగా నడుం విరిగిపోతోందే అంటే, మా ఆవిడ 'ఎవరికి లేవు నొప్పులు' అనేది. కుక్కకి స్కానింగని పెద్దాసుపత్రికెళ్తే వాళ్ళు చెప్పిన అంకెకి మా ఇద్దరికీ కళ్ళు తిరిగాయి. 'నాకు తీయిస్తే అందులో నాలుగో వంతేనే, ఫైలు మీద దాని పేరు రాసుకో' అన్నాను. మర్నాడు నాకంటే ముందే ఆటోలో కూర్చుంది!"

టీసీగారికి ఆ మెట్ల మీదే జ్ఞానోదయమైంది. ఇంటికెళ్ళి ఇల్లాలి చెవిలో ఊదారు.

"ఛీ! మనం అబద్ధాలాడడమేమిటండీ?"

"మనమెందుకాడతాం? ఫైలు ఆడుతుంది."

ఆవిడ ఆలోచించింది. "ఎంత లావొస్తుందేమిటి?"

"నా పళ్ళ అచ్చుకి రెండుసార్లు వెళ్ళాలి. కొలతకి రెండుసార్లు. పెట్టుకున్నాక చిగురు ఒరుసుకుంటే ఎన్నిసార్లో దేవుడికెరుక. వెళ్ళినప్పుడల్లా ఓ కాగితం."

"మరింకా కూర్చున్నారేం? చెప్పులేసుకోండి!"

నెల తిరిగేసరికి బొగ్గుగారికి పళ్ళు కట్టించారన్న వార్తతో మేడ దద్దరిల్లింది. "ఉన్నవి ఏమయ్యాయండీ?" అని ఒకావిడ అడిగితే, "అవి పాతవి కదండీ," అంది ఇల్లాలు. ఎవరి చెవిలో ఎవరు ఊదారోగానీ, ఆ తరవాత మేడలో జబ్బులు ఒకటొకటిగా నయమవుతూ వచ్చాయి. అయిదో అంతస్తు కుక్కకి కంటి శుక్లం తీశారు. ఆ ఇంటి తాతగారు మర్నాటి నుంచి పేపరు చదువుతున్నారు. ఒక పిల్లికి బట్టతల మందు కూడా దొరికింది. ఏ ఇంట్లోనూ భర్త మూలిగితే కసురుకునేవాళ్ళు లేరు. "ఎక్కడండీ నొప్పి? గట్టిదేనా?" అని ఆశగా అడుగుతున్నారు!

"నలుగురిలో నవ్వకండి," అని టీసీగారికి మాత్రం ఇంట్లో గట్టి ఆజ్ఞ. "ఆ పళ్ళు దానివి."

ఆయన పదిహేను రోజులు పెదవి బిగబట్టారు. పదహారో రోజు సాయంత్రం లిఫ్టు ముందు ఎవరో బేబీ నడుం సంగతి అడిగారు. కాంట్రాక్టరు సంతోషం పట్టలేక ముందుకొచ్చాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ! ఇవాళ పొద్దున తనే వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంది!"

టీసీగారికి పగలబడి నవ్వొచ్చింది. పైవరసా కింది వరసా ట్యూబులైటు కింద ధగధగలాడిపోయాయి. సరిగ్గా అదే క్షణాన కాళ్ళ దగ్గర బొగ్గు ఆవులించింది. అవే పళ్ళు, అదే గార, ఒక్కటీ కదలలేదు.

అందరూ ఈ నోరు చూశారు, ఆ నోరు చూశారు. లిఫ్టు కూడా ఆగింది. పిల్లి గుండెకి వైద్యం చేయించిన లాయరుగారు తన గుండె పట్టుకున్నారు. శుక్లం తాతగారు గబుక్కున పేపరు మడిచి కింద దాచుకున్నారు.

కాంట్రాక్టరు భార్య గొంతు సవరించుకుంది.

"ఎంతైనా పెంచిన తండ్రి కదండీ! నవ్వితే అచ్చం బొగ్గు పోలికే అన్నయ్యగారూ!"

"అవునవును! ఆ పలువరస చూడండి, దించేసినట్టుంది!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో, ఊపిరి పీల్చుకుంటూ.

టీసీగారు వంగి బొగ్గు తల నిమిరారు. "అంతా దీని చలవేనమ్మా," అన్నారు, నోరారా నవ్వుతూ.