నీతి పీరియడ్‌కు కమిటీ వచ్చిన పూట

ఆ శుక్రవారం పొద్దున్నే జోగారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి తనకు తానే నమస్కారం పెట్టుకున్నాడు. కమిటీ వాళ్లకు పెట్టాల్సిన నమస్కారం అది. మరీ వంగితే భయపడ్డామనుకుంటారు, వంగకపోతే పొగరనుకుంటారు. మూడోసారికి కుదిరింది.

"ఇవాళ్టితో ఆ గొడవ వదిలిపోతుంది హైమా. అన్నీ ఏర్పాటు చేశాను."

"మీరు ఏర్పాటు చేశారంటేనే నాకు భయమండీ" అంది హైమవతి, టిఫిన్ డబ్బా చేతికిస్తూ. జోగారావు నవ్వేశాడు. భార్య భయాలను పట్టించుకునే మనిషి కాదాయన.

గొడవేమిటంటే, ఆయన ప్రిన్సిపాలుగా ఉన్న అమీర్‌పేట బడిలో శుక్రవారం నాలుగో పీరియడ్ నీతిబోధ. ఏడో తరగతికి యూనిస్ టీచర్ ఒక వారం రామాయణం, ఒక వారం బైబిలు, ఒక వారం ఖురాన్‌లోని కథలు చెబుతుంది. ఆ పీరియడ్ ఎలా నడుస్తోందో చూడటానికి ట్రస్టు వాళ్లు కాలనీ పెద్దలతో ఒక కమిటీ వేశారు. పాత కమిటీ ఏటా ఒకసారి వచ్చి, చాయ్ తాగి, భేష్ అని పోయేది. పోయిన వారం కమిటీ మారింది. కొత్త అధ్యక్షుడు రాజనర్సయ్య ముఖం జోగారావు ఇంకా చూడలేదు. గొంతు మాత్రం ఫోన్లో విన్నాడు.

"ఒక్క టీచరమ్మనే అన్ని మతాలు చెప్తదట గదా సారు? గట్లెట్ల? ఎవరి మతం వాళ్లు చెప్పాలె. శుక్రవారం మేం ముగ్గురం వచ్చి చూస్తం. మీతోని గాకుంటే గా పీరియడ్ తీసేసి మ్యాథ్స్ కోచింగ్ పెట్టుండ్రి. టీచరమ్మను వేరే బడి చూసుకోమనుండ్రి."

అమీర్‌పేటలో మ్యాథ్స్ కోచింగుకు కొదవా? బడికి అటూ ఇటూ, ఎదురుగా ఉన్నవన్నీ అవే. యూనిస్ లాంటి టీచర్ మాత్రం మళ్లీ దొరకదు. ఆమె వచ్చాకే ఏడో తరగతి పిల్లలు ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి తింటున్నారు. ఆమెను పంపించెయ్యడానికి జోగారావుకు మనసొప్పలేదు. కమిటీతో వాదించడానికి ధైర్యం కూడా చాలలేదు. అందుకని తెలివి వాడాడు.

యూనిస్ పిన్ని కొడుకు లేవీ కృష్ణానగర్‌లో ఉంటాడు. సినిమాలకు, సీరియళ్లకు జూనియర్ ఆర్టిస్టులను పంపడం అతని పని. జోగారావు అతనికి ఫోన్ కొట్టాడు.

"ముగ్గురు కావాలి లేవీ. ఒక పంతులుగారు, ఒక పాస్టరుగారు, ఒక మౌల్వీగారు. కమిటీ ముందు ఒక్క పీరియడ్ టీచర్లుగా నిలబడితే చాలు."

"ఫికర్ జెయ్యకుండ్రి సార్. నిలబడుట్ల మనోళ్లను మించినోళ్లు లేరు."

విషయం తెలిసి యూనిస్ తలపట్టుకుంది. "సార్, పిల్లల ముంగట అబద్ధం ఎట్ల ఆడుతం?"

"అబద్ధం ఏంటమ్మా? ఏర్పాటు! మీరు వెనక బెంచీలో కూర్చుని చూడండి చాలు."

పదిన్నరకు బడి గేటు దగ్గర పెద్ద తెల్ల కారు ఆగింది. సఫారీ సూట్లలో ముగ్గురు దిగారు. ఒకాయనకు బంగారు ఫ్రేము కళ్లద్దాలు, ఇంకొకాయనకు చెంపల దాకా నెరిసిన జుట్టు, మూడో ఆయన చేతిలో పెద్ద ఫైలు. వాచ్‌మన్ హనుమాండ్లు కాళ్లు దగ్గరకు పెట్టి సెల్యూట్ కొట్టి, లోపలికి పరుగెత్తాడు.

"సార్, కమిటోళ్లొచ్చిండ్రు! మస్తు పెద్దోళ్ల లెక్కున్నరు!"

పాపం, వచ్చింది లేవీ మనుషులు. దగ్గర్లోనే సీరియల్ షూటింగు జరుగుతోంది. అందులో వాళ్లు కలెక్టరు, జడ్జి, మఫ్టీలో ఉన్న డీఎస్పీ. మధ్యలో గంటసేపు ఖాళీ దొరికింది గానీ బట్టలు మార్చుకునేంత వ్యవధి లేదు. "స్కూల్ల చిన్న పని, సారు ఎట్ల చెప్తే అట్ల చెయ్యుండ్రి" అని మాత్రం చెప్పి, కారెక్కించి పంపేశాడు లేవీ.

జోగారావు సాధన చేసిన నమస్కారం పెట్టి, ముగ్గురికీ శాలువాలు కప్పి, తన గదిలో కూర్చోబెట్టి, జీడిపప్పు, ఉస్మానియా బిస్కెట్లు, చాయ్ తెప్పించాడు. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని తినడం మొదలుపెట్టారు. మర్యాద చేస్తే కాదనకూడదు, డైలాగు ఇవ్వందే నోరు విప్పకూడదు. జూనియర్ ఆర్టిస్టు వృత్తిధర్మం అది. ఏమడిగినా గంభీరంగా తల ఊపుతున్న ఆ ముగ్గురినీ చూసి, ఇంత నిండుకుండల్లాంటి కమిటీని తన సర్వీసులోనే చూడలేదనుకున్నాడు జోగారావు.

పదకొండు కావస్తుండగా అసలు కమిటీ మెట్రో దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చింది. రాజనర్సయ్య నుదుట నిలువుబొట్టు, భుజాన కండువా. సత్యరాజు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చంకలో జిప్పు కవరు బైబిలు. మహబూబ్ సాబ్ నెత్తిన తెల్ల టోపీ. తమ తమ మతాల తరఫున వస్తున్నారు కనుక ముగ్గురూ నిండుగా తయారై వచ్చారు.

వరండాలో వాళ్లను చూడగానే జోగారావు ప్రాణం లేచొచ్చింది. కృష్ణానగరా మజాకా? ఆ బొట్టేమిటి, ఆ జిప్పు కవరేమిటి!

"ఇంత ఆలస్యమా? రండి రండి, క్లాసులోకి పదండి. ఎవరి మతం సంగతి వాళ్లు చెప్పాలి. తలా పది నిమిషాలు. సరేనా?"

రాజనర్సయ్య మిగతా ఇద్దరి వైపు చూశాడు. తను ఫోన్లో అన్న మాటే ఇది. ఇంత తొందరగా, తమతోనే మొదలుపెట్టిస్తాడని అనుకోలేదు. పైగా మాట్లాడమంటే వద్దనే పెద్దమనిషి ఎక్కడుంటాడు?

"మర్యాద తెలిసిన సారు" అన్నాడు సత్యరాజు మెల్లిగా. ముగ్గురూ గొంతులు సవరించుకుంటూ ఏడో తరగతిలోకి నడిచారు. సఫారీ సూట్లను వెంటబెట్టుకొచ్చి, వెనక కుర్చీల్లో కూర్చోబెట్టాడు జోగారావు.

రాజనర్సయ్య దేవుడు సర్వాంతర్యామి అని గంభీరంగా మొదలుపెట్టాడు. మూడో వాక్యానికే పింకీ చెయ్యి ఎత్తింది.

"తాతా, దేవుడు అంతట ఉంటే గుడి బయట సుత ఉంటడు గదా? మరి చెప్పులు ఆడనే ఎందుకు ఇడుస్తం?"

రాజనర్సయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అది... పెద్దలు పెట్టిండ్రు బిడ్డా. నువ్వు జెప్పు సత్యరాజు."

సత్యరాజు పొరుగువాణ్ణి ప్రేమించడం గురించి చెప్పాడు. అనుదీప్ లేచాడు. "సార్, మా పక్క ఫ్లాటంకుల్ రోజు మా పార్కింగ్‌ల బండి పెడ్తడు. ప్రేమిస్తే ఇంకో బండి సుత పెడ్తడు. ఎట్ల?"

సత్యరాజుది కూడా అపార్ట్‌మెంటే. ఆయన బైబిలు జిప్పు తీసి, మళ్లీ వేసి, పక్కకు జరిగాడు. మహబూబ్ సాబ్ రంజాన్ రోజాల గురించి ఒక్క మాట అన్నాడో లేదో, ఆరు చేతులు లేచాయి. ఉమ్మి మింగితే రోజా పోతుందా, కలలో బిర్యానీ తింటే పోతుందా?

"అరె భాయ్, జర ఒక్కొక్కరు!" అని ఆయన మొత్తుకుంటుండగా, రాజనర్సయ్యకు చెప్పుల జవాబు తట్టింది. అప్పుడు తన వంతు కాదని సత్యరాజు అడ్డుపడ్డాడు. నీకే ఎక్కువ టైం ఇచ్చారని రాజనర్సయ్య, మధ్యలో నా పది నిమిషాలు మింగారని మహబూబ్ సాబ్. ముగ్గురూ బోర్డు ముందు గొడవపడుతుంటే పిల్లలు బెంచీలెక్కారు. వెనక సఫారీ సూట్లు మాత్రం తలలు ఊపుతూనే ఉన్నాయి.

జోగారావుకు చెమటలు పట్టాయి. గబగబా వెళ్లి రాజనర్సయ్య చెవిలో అన్నాడు. "ఓవర్ యాక్షన్ తగ్గించవయ్యా! కమిటీ చూస్తోంది. బుద్ధిగా ఉంటే లేవీతో చెప్పి భోజనం ప్యాకెట్ ఇప్పిస్తాను."

"ఏ కమిటీ? ఏం ప్యాకెట్?" అన్నాడు రాజనర్సయ్య. ఇందాకటి ప్రవచనం ధోరణి పోయేసరికి, అది ఫోన్లో విన్న గొంతేనని జోగారావు పోల్చుకున్నాడు.

అదే క్షణంలో లేవీ ఆయాసపడుతూ తలుపు తోసుకొచ్చాడు. "షాట్ రెడీ! కలెక్టర్ సాబ్, జడ్జి సాబ్, జల్ది రాండ్రి, డైరెక్టర్ తిడుతుండు!"

సఫారీ సూట్లు శాలువాలతో సహా లేచి, ఇక్కడి వేషం అయిపోయిందనుకుని జోగారావుకు దండం పెట్టి వెళ్లిపోయాయి. ఇక దాచడానికేమీ మిగల్లేదు. జోగారావు ఉన్నదంతా చెప్పేశాడు. "తప్పంతా నాదండీ. యూనిస్ వద్దంటూనే ఉంది. ఆమెను మాత్రం పంపించకండి" అన్నాడు.

క్లాసు గోల ఆగలేదు. యూనిస్ లేచి బోర్డు దగ్గరికొచ్చింది. అరవలేదు, బల్ల కొట్టలేదు.

"పింకీ మంచిగ అడిగింది. మీ ఇండ్లల్ల, గుడిల, చర్చిల, మసీదుల చెప్పులు ఎక్కడ ఇడుస్తరు? ఎందుకు ఇడుస్తరు? ఒక్కొక్కరు చెప్పుండ్రి."

పిల్లలు బెంచీలు దిగారు. యశస్విని వాళ్ల నానమ్మ మంగవ్వ పొలంలో విత్తనం వేసేటప్పుడు కూడా చెప్పులు విడిచేదట. ఒకడు మసీదు గురించి, ఒకతె చర్చి గురించి చెప్పారు. డాక్టరుగారి క్లినిక్‌ను కూడా ఎవరో చేర్చారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. పెద్దలు ముగ్గురూ ఎప్పుడు కూర్చున్నారో ఏమో, పిల్లల పక్కనే ఇరుక్కుని కూర్చున్నారు.

చివరికి రాజనర్సయ్య లేచాడు. "ఎవరి మతం వాళ్లు చెప్పాలంటిమి. చెప్పినం. ఒక్క పీరియడ్‌కే పానం మీదికొచ్చింది. గీ పీరియడ్ ఉంటది, టీచరమ్మనే చెప్తది. గిది కమిటీ మాట."

జోగారావు మళ్లీ ఊపిరి పీల్చుకున్నాడు. "చాలా సంతోషమండీ! మరి నేను..."

"మీరు సుత ఉంటరు సారు. ప్రతి శుక్రవారం, వెనక బెంచీల, పిల్లలతోని. ఎట్లున్నరో టీచరమ్మ మాకు రిపోర్టు ఇస్తది."

ఇప్పటికి మూడు శుక్రవారాలైంది. జోగారావు హాజరు బాగానే ఉంది. ప్రవర్తన గురించి మాత్రం యూనిస్ టీచర్ ఇంకా ఏమీ రాయలేదు.