గోధుమరంగు సీసా

లేబులాయన ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా సాదాసీదాది. ఫ్రిజ్‌లోంచి గోధుమరంగు సీసా తియ్యాలి, రెండు గుక్కలు రుచి చూడాలి, నాలుగు వాక్యాలు రాయాలి, తొమ్మిదిలోపు ప్రెస్సుకు పంపాలి. ఓ చిన్న బీరు కంపెనీలో సీసాల మీద కబుర్లు రాయడం ఆయన ఉద్యోగం. ఇంకా పూర్తిగా ఉద్యోగం కూడా కాదు, ఆరు నెలల పరీక్ష. ఆ పరీక్ష ఈ రోజుతో ఆఖరు. కిందటి లేబుల్ మీద ఆయన "నిమ్మతొక్క సువాసన" అని ముచ్చటపడి రాస్తే, తాగినవాళ్లంతా నిమ్మ ఎక్కడయ్యా అని ఓనరును నిలదీశారు. "ఇంకొక్కసారి సీసాలో లేనిది సీసా మీద రాశావో, నీ దారి నువ్వు చూసుకో" అని ఓనరు తేల్చి చెప్పేశాడు.

ఆ ఓనరుకు ఒక పట్టింపు ఉంది. కొత్త బీరు ఎలాంటిదో, దేనితో కాచారో లేబులాయనకు ముక్క కూడా చెప్పడు. "ముందే చెబితే చెవులతో రాస్తావు, నాలుకతో రాయవు" అంటాడు. పేరూ ఊరూ లేని సీసా ఒకటి ఇంటికి పంపిస్తాడు. రాసింది నేరుగా ప్రెస్సుకు వెళ్లిపోతుంది.

లేబులాయన రెండు గుక్కలు తాగి మొహం చిట్లించాడు. నురగ లేదు. ఒకటే చేదు. అయినా కంగారుపడలేదు. బీరు కాచే మాస్టారు మామూలు మనిషి కాదు, కిందటేడు ఎండుగడ్డితో కూడా ఓ ప్రయోగం చేశాడు. కళ్లు మూసుకుని మరో రెండు గుక్కలు మింగి, ఆయన ఇలా రాశాడు: "ఆరిపోయిన చలిమంటలో మిగిలిన పొగ. తడి వేళ్ల చేదు. గొంతు దిగాక కూడా వదలని మొండితనం. మొదటి గుక్కకు నచ్చకపోవచ్చు, మూడో గుక్క మీరే అడుగుతారు." చదువుకుంటే ఆయనకే ముద్దొచ్చింది. తొమ్మిదికి పది నిమిషాలుండగా పంపేశాడు.

పదింటికి అత్తగారు తలకు తువ్వాలు చుట్టుకుని స్నానాల గదిలోంచి బయటికొచ్చింది.

"అమ్మాయ్, నా తలకషాయం ఎవరే మార్చింది? పోసుకుంటే బుసబుసా నురగొచ్చింది. పైగా ఒకటే పొగ వాసన!"

"ఎవరు మారుస్తారమ్మా? ఫ్రిజ్‌లో గోధుమరంగు సీసాలోదేగా?" అంది లేబులాయన భార్య.

"ఆ సీసాయే. అల్లుడుగారి ఖాళీ సీసాలు కడిగి, వాటిల్లోనేగా నేను కషాయం కాచి పోసిపెట్టేది!"

లేబులాయన వంటింట్లోకి పరిగెత్తాడు. ఫ్రిజ్ తలుపు తీసి చూశాడు. ఒక సీసా సగం ఖాళీ, అది తన పని. పక్కది అడుగంటా ఖాళీ, అది అత్తగారి పని.

"అత్తయ్యగారూ, మీ కషాయం... పొరపాటున ఎవరైనా తాగితే ఏమవుతుందండీ?"

"ఏమవుతుంది, కడుపులో జుట్టు మొలుస్తుంది" అందావిడ తల దులుపుకుంటూ. "ఎవరు తాగారు?"

జవాబు చెప్పే తీరిక ఆయనకెక్కడిది! కుడిచెప్పు ఎడమకాలికి తొడుక్కుని వీధిలో పడ్డాడు. అత్తగారి తలకషాయం గురించి రాసిన వర్ణన మూడువేల బీరు సీసాల మీదికి ఎక్కుతోంది. ఉద్యోగం పోతే పోయింది, పోవడానికి కారణం నలుగురికీ ఎలా చెప్పుకోవాలన్న బెంగ అంతకంటే పెద్దదైంది.

ప్రెస్సులో మిషను ధడధడా తిరుగుతోంది.

"ఆపండి, ఆపండి!" అన్నాడు రొప్పుతూ.

"సగం అయిపోయాయి సార్. ఏమైంది?" అన్నాడు ప్రెస్సాయన.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "రుచి... రుచి మారింది."

ప్రెస్సాయన జాగ్రత్త మనిషి. మిషను ఆపి ఓనరుకు ఫోన్ కొట్టాడు. "మీ లేబులాయన వచ్చి బీరు రుచి మారిందంటున్నారండీ, ఏం చెయ్యమంటారు?" బీరు రుచి మారడమేమిటని హడలిపోయిన ఓనరు మాస్టారికి ఫోన్ చేశాడు. మాస్టారు అవునూ అనలేదు, కాదూ అనలేదు, ఫోన్ పెట్టేశాడు. దాంతో ఓనరుకు ఒళ్లు మండింది. అరగంటలో మాస్టారూ లేబులాయనా తన గదిలో ఉండాలన్నాడు. ప్రెస్సాయన తడి ఆరని లేబుల్ ఒకటి లేబులాయన చేతిలో పెట్టి పంపించాడు.

గదిలో ఓనరు ముందు కొత్త బీరు సీసా ఉంది. లేబులాయన తెచ్చిన లేబుల్‌ను దాని పక్కన పెట్టాడు. గోడవారగా నిలబడ్డ మాస్టారు మెడ చాచి దాన్ని చదివి చెమటలు కక్కాడు. ఎలాగూ పోయే ఉద్యోగమే కదా, నిజం చెప్పేసి పోదామని లేబులాయన గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, తప్పు నాది" అన్నాడు మాస్టారు.

లేబులాయన గిరుక్కున మాస్టారి వైపు తిరిగాడు.

"బీరుకు బార్లీ గింజలు వేయిస్తుంటే మా అక్క ఫోన్ చేసింది. మాటల్లో పడి చూసుకోలేదు, మాడిపోయాయి. బీరంతా పొగ వాసనే. ఎవరికీ చెప్పలేదు. ఈయన ఒక్క గుక్కతో పట్టేసి, నా పరువు కాపాడ్డానికి దాన్నే గొప్పగా రాశారు. మనసొప్పక మళ్లీ ఆపించడానికి పరిగెత్తారు. ఆయన్నేమీ అనకండి."

ఓనరు సీసా మూత తీశాడు. ఓ గుక్క తాగి లేబుల్ చదివాడు. మళ్లీ తాగి, మళ్లీ చదివాడు. మూడోసారి గ్లాసు తనే నింపుకున్నాడు.

"పొగ ఉంది. చేదు ఉంది. మొండితనం కూడా ఉందయ్యా!" అన్నాడు. "ఈ లేబుల్ లేకపోతే ఇది మాడిపోయిన బీరు. ఉంటే పొగబీరు. మిషను తిప్పమని చెప్పండి."

"సార్, అసలు జరిగిందేమిటంటే..." అన్నాడు లేబులాయన.

"నాకంతా తెలుసు. మాస్టారూ, మీ సంగతి తర్వాత చూస్తాను. నువ్వు రేపట్నించి పర్మనెంటు. ఇకమీదట కాచిన ప్రతి బీరూ ముందు నీ నాలుక మీద పడాల్సిందే."

మాస్టారు వచ్చి గట్టిగా కావలించుకున్నాడు. ఆ పట్టులో నిజం ఎక్కడో లోపలే నలిగిపోయింది. దారి పొడుగునా లేబులాయనకు ఒకటే గుబులు. రేపు నాలుక పరీక్ష పెడితే ఏం గతి? బీరులో పొగ వాసన నిజంగా కనిపెట్టింది తను కాదు, అత్తగారు! ఇంటికొచ్చేసరికి అత్తగారు అద్దం ముందు జుట్టు ఆరబెట్టుకుంటోంది.

మర్నాడు ఇంకో సీసా వచ్చింది. లేబులాయన దాన్ని రెండు చేతులా పట్టుకెళ్లి అత్తగారి ముందు పెట్టి, కాగితం, కలం తీసుకుని వినయంగా కూర్చున్నాడు.

ఆవిడ చెప్పినవన్నీ పొల్లుపోకుండా రాసుకున్నాడు, "చుండ్రుకు మంచిది" అన్న ఒక్క మాట తప్ప.