నెట్ అందని గడప

"మా డివిజన్‌లో ఇంటర్నెట్ అందని గడప ఒక్కటి చూపించండి. అదే గడప మీద కూర్చొని రాజకీయ సన్యాసం తీసుకుంటా!"

హనుమకొండ ప్రెస్‌మీట్‌లో కార్పొరేటర్ వీరభద్రం గారు ఈ మాట అన్నప్పుడు పక్కన నిలబడ్డ సదానందం కళ్లు చెమర్చాయి. అన్న సన్యాసానికి సిద్ధపడటం అతను ఇదివరకు చాలాసార్లు చూశాడు. అయినా ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. విలేకరులు టీ, సమోసా కానిచ్చి, ఏ గడపా చూపించకుండానే వెళ్లిపోయారు.

సదానందం వీరభద్రం గారికి కుడిభుజం. అన్న మాట్లాడుతుంటే ఎడమ చేత్తో ఫోన్ పట్టుకొని లైవ్ పెట్టేదీ అతనే కనుక ఎడమభుజం కూడా అనుకోవచ్చు. తాను మేయరైన నాడు సదానందాన్ని కో-ఆప్షన్ మెంబర్‌ను చేస్తానని అన్న మాటిచ్చారు. ఇచ్చింది గంప పార్టీలో ఉన్నప్పుడు. నెల కిందట గొడుగు పార్టీలోకి మారినప్పుడు ఆ మాటను కూడా వెంట తెచ్చుకున్నారు. విలువలున్న నాయకుడంటే ఇట్లా ఉండాలని సదానందం ఊరంతా చెప్పుకున్నాడు.

పార్టీ మారిన రోజున ఇంట్లో శుద్ధి కార్యక్రమం జరిపించిందీ అతనే. గోడలకు కొత్త రంగు వేయించాడు. గంప బొమ్మ ఉన్న ఫ్లెక్సీలు, కండువాలు, గోడ గడియారం, టీ కప్పులు, స్టిక్కర్ అంటించిన ప్రతి వస్తువూ బయటపెట్టించాడు. పద్మలత వదిన కూరగాయల గంప కూడా పోయింది. "అది మార్కెట్ గంప గదయ్యా" అని ఆమె మొత్తుకుంటే, "జనానికి ఫరక్ తెల్వది వదినా" అని సముదాయించాడు.

బయటపెట్టిన సామాను రోడ్డు అవతల టీ కొట్టు సమ్మమ్మ అడిగి తీసుకుంది. ఫ్లెక్సీలు కొట్టుకు పైకప్పుగా కప్పుకుంది. చిల్లర సామాను గోనెలో వేసుకుంది. ఫ్లెక్సీల బొమ్మవైపు లోపలికి, తెల్లవైపు ఆకాశానికి ఉండాలన్న ఒక్క షరతు మీద సదానందం వాటిని ఉదారంగా ఇచ్చేశాడు.

ప్రెస్‌మీట్ నుంచి ఇంటికి వస్తుండగా కారులో ఫోన్ మోగింది. మేయర్ టికెట్ ఎవరికివ్వాలో తేల్చే పార్టీ పరిశీలకులు ఓంప్రకాశ్ గారు రేపు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. ఆయన నిఖార్సయిన గొడుగు మనిషి. గంప పేరు చెవిన పడితే చేతులు కడుక్కుంటారని పార్టీలో గొప్పగా చెప్పుకుంటారు. వెంట మనవరాలు దీప్తి కూడా వస్తోంది. ఆ పాపకు వీడియో గేమ్ ఆడనిదే ముద్ద దిగదు. ఆడేది కూడా నెట్‌లో స్నేహితులతోనే. నిన్న మరో ఆశావహుడి ఇంట్లో గేమ్ మధ్యలో నెట్ ఆగింది, పాప ఏడ్చింది. సారు బగారన్నం ముట్టకుండా లేచారు. ఆ ఆశావహుడి పేరు జాబితాలోంచి లేచిపోయింది.

"సదానందం, రేపు ఆ పిల్ల నవ్వాలె" అన్నారు వీరభద్రం గారు. "పిల్ల నవ్విందా, నేను మేయర్, నువ్వు మెంబర్. ఏడ్చిందా, మనిద్దరం గూడ దాని పక్కపొంటి కూసోని ఏడ్సుడే."

అదృష్టవశాత్తూ ఇంట్లో వీడియో గేమ్ కన్సోల్ ఉంది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు నవీన్‌ది. టీవీకి కలిపి ఆన్ చేశారు. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి నిలబడింది.

"ఏమంటాందిరా?"

"యాదికున్న నెట్ కనవడ్తలేదంటాందన్నా."

"మన ఫోన్లకు కనవడ్తాంది గదా?"

"కనవడ్తాందన్నా."

"అంటే నెట్‌కు ఏం కాలే. దీనికే చూపు మందగించింది" అని వీరభద్రం గారు నిర్ధారించారు.

నవీన్‌కు ఫోన్ చేశారు. మర్నాడు పరీక్షట. "గోడకున్న వైఫై డబ్బా ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి బాపూ" అని పెట్టేశాడు. ఆఫ్ అన్న మాట వీరభద్రం గారికి నచ్చలేదు. టికెట్ గడపదాకా వచ్చినప్పుడు ఇంట్లో వెలుగుతున్నదాన్ని ఎవరైనా ఆర్పుకుంటారా? అందుకని ఆ అశుభకార్యం పద్మలత వదినతో చేయించి, ఆన్ చేసే కార్యక్రమం మాత్రం తామే స్వహస్తాలతో, కొబ్బరికాయ కొట్టి ప్రారంభించారు. సదానందం లైవ్ పెట్టాడు. కన్సోల్ చలించలేదు.

ఇక లాభం లేదని సమీక్షా సమావేశం పిలిచారు. విద్యుత్ అధికారి వచ్చి ప్లగ్గును భక్తిగా తాకి, "కరెంటు గోడ దాకనే మా జిమ్మేదారి సార్, గోడ దాటినంక మీదే" అన్నాడు. మున్సిపల్ ఇంజనీర్ చేతులు వెనక్కి కట్టుకొని హాలంతా రెండుసార్లు తిరిగాడు.

"తరంగాలకు అడ్డంకి ఉంది సార్."

"ఏం అడ్డంకి?"

ఇంజనీర్ కిటికీలోంచి చూశాడు. ఎడమ వైపున్నది అన్న బావమరిది కాంప్లెక్స్. కుడి వైపున్నది ఎమ్మెల్యే చుట్టం ఫంక్షన్ హాల్. రెంటి మధ్య సమ్మమ్మ టీ కొట్టు కనిపించింది. "అదే సార్" అన్నాడు, సైన్సు మీద గౌరవంతో.

సిబ్బంది వచ్చి కొట్టు పైకప్పు విప్పి కింద పడేశారు. సమ్మమ్మ గరిటె పట్టుకొని రోడ్డు మీదికి వచ్చింది.

"నా కొట్టు మీ టీవీకి ఎట్ల అడ్డమొచ్చింది బిడ్డా? రోడ్డు ఇవతలున్న గద నేను?"

"తరంగాలు కంటికి కనవడయి అవ్వా" అన్నాడు సదానందం.

"కనవడనియి పోతాంటె కనవడే కొట్టు పీకుతరా? ఎండకు ఎక్కడ కూసోవాలె నేను?"

"ఇది టెక్నికల్, అవ్వా. నీకు సమజ్ కాదు."

ఏళ్ల తరబడి జెండా మోసి వచ్చి ఆ కొట్టులోనే టీ తాగిన మనిషి కనుక సదానందానికి మనసు చివుక్కుమంది. ముందుముందు పదవులు చేపట్టాల్సిన మనిషి కూడా కనుక వెంటనే సర్దుకున్నాడు. పైగా ఆమె కొట్టుకు నెట్ లేకపోవడం నిజమే అయినా, అసలు గడపే లేదు కాబట్టి అన్న ప్రకటనకు భంగం రాదని కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.

కన్సోల్ మాత్రం మాట మార్చలేదు. అప్పుడు వీరభద్రం గారికి అసలు విషయం తట్టింది. "ఇది గంపోళ్ల కుట్ర!"

సాయంత్రానికల్లా చౌరస్తాలో ధర్నా మొదలైంది. "మా తరంగాలు మాకివ్వాలె" అని కార్యకర్తలు గొంతు చించుకున్నారు. ఏ తరంగాలని ఒక విలేకరి అడిగితే, దర్యాప్తు జరుగుతున్నందున చెప్పలేమని సదానందం హుందాగా జవాబిచ్చాడు. దానికి పోటీగా గంప పార్టీ వాళ్లు కూడా అవతలి వైపు ధర్నా చేశారు. తరంగాలు తమ హయాంలోనే వచ్చాయట.

మర్నాడు పొద్దున పరీక్ష హాలుకు పోయే ముందు నవీనే వీడియో కాల్ చేశాడు. "గోడకున్న డబ్బా చూపియ్యన్నా" అన్నాడు. సదానందం చూపించాడు.

"ఇదెక్కడిది? మన పాత డబ్బా ఏమాయె?"

"ఇది కొత్తది తమ్మీ, హైస్పీడు."

"అదే గదా లొల్లి! దీంట్ల హైస్పీడు ఒక్కటే పెట్టిండ్రు. మన కన్సోల్ పాతది, దానికి ఈ స్పీడు కనవడది. సెట్టింగ్ మారిస్తె అయితది, కేబుల్ మొగిలయ్యను అడుగుండ్రి."

కేబుల్ మొగిలయ్య ఏటూరునాగారం పెళ్లికి పోయాడు. అడవిలో అతని ఫోన్‌కు సిగ్నల్ లేదు.

"అయితె పాత డబ్బానే పెట్టుండ్రి" అన్నాడు నవీన్. "కన్సోల్‌కు అదొక్కటే యాదికున్నది." ఫోన్ పెట్టేశాడు.

ఆ పాత డబ్బా గంప పార్టీ తన నాయకులందరి ఇళ్లకూ పంచింది. అన్నిటికీ ఒకే పేరు, జై గంప. ఒకే పాస్‌వర్డ్, గంపదే గెలుపు. గంప నాయకుడు ఏ గంప నాయకుడి ఇంటికి పోయినా అడగకుండానే ఫోన్ కలిసిపోయేది. ఆ పార్టీలో కలిసిపోయేవి ఫోన్లొక్కటే అని అప్పట్లో కొందరు అనేవారు. ఇప్పుడు ఇంట్లో గోడలు మారాయి, కప్పులు మారాయి, అన్న మారారు, వెంట సదానందం మారాడు. కన్సోల్ ఒక్కటే నెల రోజులుగా జై గంప కోసం వెతుకుతూ కూర్చుంది.

"ద్రోహి" అన్నారు వీరభద్రం గారు, దాన్ని చూస్తూ.

తర్వాత అందరూ సదానందాన్ని చూశారు. డబ్బా మీద గంప స్టిక్కర్ ఉందని బయటపెట్టించింది అతనే. తన మెంబర్ పదవి ఇప్పుడు సమ్మమ్మ గోనెలో ఉందని అతనికి అర్థమైంది. ఒక్క పరుగున రోడ్డు దాటాడు.

డబ్బా గోనెలో లేదు. పొయ్యి బల్ల ఊగకుండా దాన్ని బల్ల కాలు కింద పెట్టుకుంది సమ్మమ్మ. తలకు కొంగు కప్పుకొని ఎండలోనే టీ కాస్తోంది.

"ఇస్త గని, మరి నా కప్పు?"

"సారు పోంగనే నేనే నిచ్చెన తెచ్చి కప్పుత అవ్వా."

"ఒట్టు?"

"ఒట్టు. నా మెంబర్ పదవి మీద ఒట్టు."

ఆమె బల్ల కాలు కింద ఇటుక ముక్క దోపి డబ్బా ఇచ్చింది. పాత డబ్బా గోడకెక్కింది. స్టిక్కర్ కనపడకుండా సదానందం దాని మీద గొడుగు పార్టీ కండువా కప్పాడు. దీపం వెలగగానే కన్సోల్ మారు మాట్లాడకుండా కలిసింది. అన్న ఫోనూ, సదానందం ఫోనూ అడక్కుండానే కలిశాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఓంప్రకాశ్ గారు చెప్పిన వేళకే వచ్చారు. దీప్తి ఆట మొదలుపెట్టింది, గెలిచింది, నవ్వింది. పాప నవ్విందని సారు నవ్వారు, సారు నవ్వారని వీరభద్రం గారు నవ్వారు. సదానందం వంటింట్లోకి పోయి తనివితీరా నవ్వి వచ్చాడు. వడ్డన మొదలైంది.

"అంకుల్, నా ట్యాబ్‌కు గూడ పాస్‌వర్డ్ చెప్పరా?" అంది దీప్తి.

సదానందం వినపడనట్టు మటన్ గిన్నె అందుకున్నాడు. గంపదే గెలుపు అని గొడుగు పరిశీలకుడి ముందు ఏ నోటితో చెప్పాలి? వీరభద్రం గారికి పొలమారింది. సరిగ్గా అప్పుడే ఓంప్రకాశ్ గారి జేబులో ఫోన్ టింగుమంది. మళ్లీ టింగుమంది. మెసేజులు ఒకదాని మీద ఒకటి పడసాగాయి.

"తాతా, నీ ఫోన్ల డేటా అయిపోయింది గద, నీకు నెట్ ఎట్ల వచ్చింది? నన్ను పాస్‌వర్డ్ అడుగుతాంది!"

ఓంప్రకాశ్ గారు ఫోన్ చూసుకున్నారు. గోడ మీద కండువా కప్పుకున్న డబ్బాను చూశారు. ఫోన్‌ను మెల్లగా బోర్లా పెట్టారు.

"పెద్దోళ్ల ఫోన్లు అట్లనే వస్తయి బిడ్డా" అని, "వీరభద్రం, మటన్ మస్తుగున్నది, ఇంకింత ఎయ్యమను" అన్నారు.

టికెట్ ఖాయమైంది. కారెక్కుతూ సారు అన్న భుజం మీద చెయ్యేశారు. "ఆ డబ్బా పారెయ్యకు. జర పదిలంగ దాచిపెట్టు. ఎలక్షన్లు ఇంకా దూరమున్నయి" అన్నారు.

కారు మలుపు తిరిగేదాకా వీరభద్రం గారు దండం దించలేదు. దించాక సదానందాన్ని పిలిచారు. "డబ్బా బీరువల పెట్టు. అవ్వకాడున్న ఫ్లెక్సీలు గూడ వాపస్ తే. నలగకుంట తే."

సదానందం డబ్బాను బీరువాలో పెట్టాడు. తర్వాత రోడ్డు దాటాడు.

"వచ్చినవా బిడ్డా" అని సమ్మమ్మ ఎదురొచ్చింది. "నిచ్చెనేది?"

అతను తలెత్తకుండా కింద పడి ఉన్న ఫ్లెక్సీలను దుమ్ము దులిపి చుట్టసాగాడు.

"ఏం చేస్తానవు? కప్పుతనని ఒట్టు పెడ్తివి గద?"

"ఇయ్యి పార్టీ సామాను అవ్వా. తీస్కపోతాన్న."

"ఏ పార్టీవి?"

సదానందం చుట్టను భుజానికెత్తుకున్నాడు. ఆమెకు ఒక్క మాటైనా నిజం చెప్పాలనిపించింది.

"ఇంకా తేలలేదవ్వా" అన్నాడు.